తుపాను సీజన్‌కి ముందే ఇంట్లో కరెంటు బ్యాకప్ రెడీ చేసుకునేది ఎట్లా

2021 నవంబర్ 18, గురువారం. తిరుపతిలో ఉన్నోళ్ళకి ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు దూకిన వీడియోలు చాలామంది ఫోన్లలో ఇంకా ఉంటాయి. మా వీధిలో మోకాలి దాకా నీళ్ళు, మధ్యాహ్నమే కరెంటు పోయింది. నేను మాత్రం నిమ్మళంగా కూర్చున్నా, ఇన్వర్టరు ఉండాది గదా అని. నలభై నిమిషాలు కూడా కాలేదు, కీ కీ అని అరుపు మొదలుపెట్టింది, ఇంకో ఐదు నిమిషాలకి ఫ్యాను ఆగిపోయింది. సెల్ లైటు వేసి చూస్తే బ్యాటరీ మీద నీళ్ళ మట్టం చూపించే ఆరు ఫ్లోట్లలో ఐదు కిందికి దిగిపోయి ఎర్ర గుర్తు చూపిస్తున్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి ఏడాది పైనే అయింది, తప్పు ఎవరిదీ కాదు, నాదే.

మర్నాడు కార్తీక పౌర్ణమి, అందుకని అమ్మ ముందే ప్రమిదలు, వత్తులు, నూనె తెచ్చి పెట్టుకుంది. ఆ రాత్రి ఆ దీపాలతోనే గడిచింది. "నీ మిషన్ కంటే నా ప్రమిదలే నయం గదరా" అని అమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా చెప్తుంది.

ఆ దెబ్బకి కూర్చుని నేర్చుకున్నదంతా ఇది. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, అసలు వానలు అప్పుడే. 2022 డిసెంబర్లో మాండూస్ తుపాను, 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపాను, తీరం దాటింది ఒకటి మహాబలిపురం దగ్గర, ఇంకొకటి బాపట్ల దగ్గర, తడిసింది మాత్రం రెండుసార్లూ మనమే. ఇది కాక ఏప్రిల్, మే నెలల్లో గాలివాన, చిత్తూరు వైపు తోటల్లో ఒక్క మామిడి కొమ్మ లైను మీద పడితే చాలు ఊరంతా చీకటి. కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ పని చూసుకోవాలి, సెప్టెంబర్లో ఒకసారి, మార్చిలో ఒకసారి.

1. ముందు కాగితం, పెన్ను. షాపు తర్వాత.

చాలామంది చేసే తప్పు ఏంటంటే నేరుగా షాపుకి పోయి "అన్నా, ఇంటికి మంచి ఇన్వర్టరు ఒకటి" అంటారు, ఆయన తన దగ్గర స్టాక్ ఉన్నది అంటగడతాడు. అట్లా కాకుండా, కరెంటు 24 గంటలు లేకపోతే నీకు నిజంగా ఏం తిరగాలి, ఏం వెలగాలి అనేది రాసుకో. ఎదురుగా వాట్లు రాయి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 చిల్లర, ఎల్ఈడీ బల్బు 9, ఎల్ఈడీ ట్యూబు 20, వైఫై రౌటర్ 10 నుంచి 12, ల్యాప్‌టాప్ 60 చిల్లర, 32 అంగుళాల టీవీ 50 పైన. మిక్సీ 500 నుంచి 750, ఇస్త్రీ పెట్టె 1000, గీజర్ 2000, ఈ మూడూ లిస్టులోంచి ఇప్పుడే కొట్టెయ్. మిక్సీ లేకపోతే ఊరిబిండి రోట్లో నూరుకోవచ్చు, నిజం చెప్పాలంటే అదే రుచి.

బోరు మోటర్ సంగతి వేరే చెప్పాలి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా, నా 1100 వీఏ (ఎంత లోడు మోస్తుందో చెప్పే అంకె) ఇన్వర్టరు లాగుతుందిలే అనుకుంటారు. లాగదు. మోటర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది, ఇన్వర్టరు ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. ఫ్రిజ్ కంప్రెసర్‌ది కూడా ఇదే కథ, తిరిగేటప్పుడు 100, 150 వాట్లే గానీ స్టార్టింగ్‌లో చాలా ఎక్కువ. నీళ్ళకి నా సలహా చాలా చవకది: ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా ఒక బ్యాటరీయే అనుకో. కరెంటు ఉన్నప్పుడు మోటర్ వేసి పైకెక్కించిన నీళ్ళు, కరెంటు లేనప్పుడు వాటంతట అవే కిందికి వస్తాయి. దానికి డిస్టిల్డ్ వాటర్ అక్కర్లేదు, వారంటీ అక్కర్లేదు.

ఇంట్లో జబ్బు మనుషులు ఉంటే లిస్టులో మొదటి లైను వాళ్ళదే. నెబ్యులైజర్ వాడేది పావుగంటే కాబట్టి ఇన్వర్టరు మీద నడిచిపోతుంది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అయితే 300 వాట్ల పైన నిరంతరం తినేస్తుంది, ఒక్క బ్యాటరీని నమ్ముకోవద్దు, వాన హెచ్చరిక రాగానే నిండు సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే, లేదా ముందే ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి చేర్చు.

2. లెక్క

భయపడొద్దు, చిన్న లెక్కే. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జ్ దాచుకుంటుందో చెప్పే అంకె) అనుకుందాం. రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు. ఇది కాగితం మీద. బ్యాటరీని పూర్తిగా పిండేస్తే దాని ఆయుష్షు పోతుంది కాబట్టి 80 శాతమే లెక్కేసుకో, ఇన్వర్టరు తనలో తాను కొంత తింటుంది కాబట్టి మళ్ళీ 80 శాతం. మిగిలేది 1150 దగ్గర.

ఇప్పుడు రెండు మామూలు ఫ్యాన్లు, మూడు బల్బులు, రౌటర్, రెండు ఫోన్ల చార్జింగ్ వేస్తే 220 వాట్లు. 1150ని 220తో భాగిస్తే ఐదు గంటలు, నిజంగా వచ్చేది నాలుగు, నాలుగున్నర. ఎందుకంటే ఆ 150 అనే అంకె 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చేది, గబగబా లాగితే బ్యాటరీ అంత ఇవ్వదు. అదే ఫ్యాన్లు రెండూ బీఎల్‌డీసీ అయితే మొత్తం 130 వాట్లు, ఎనిమిది గంటల దాకా లాక్కొస్తుంది. అంటే రెండో బ్యాటరీ కొనే డబ్బుల్లో కొంత పెట్టి రెండు ఫ్యాన్లు మార్చుకుంటే దాదాపు అంతే లాభం, పైగా ప్రతి నెలా బిల్లు కూడా తగ్గుతుంది. ఈ మాట ఏ బ్యాటరీ షాపాయనా నీకు చెప్పడు.

నవంబర్ వానల్లో చలిగానే ఉంటుంది, ఫ్యాను ఏంటికి అంటారేమో. చలి సంగతి సరే, దోమలకి ఎవురు చెప్తారు?

3. ఏది కొనాలి

మామూలు ఇంటికి 900 నుంచి 1100 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ (నీళ్ళు పోసే పొడుగు సీసం రకం) బ్యాటరీ సరిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటు లాంటిదే ఇచ్చే రకం) తీసుకో, స్క్వేర్ వేవ్ వద్దు. స్క్వేర్ వేవ్ చవకే గానీ ఫ్యాను గుర్ర్ మని మూలుగుతుంది, మోటర్లు వేడెక్కుతాయి. ఫ్రిజ్ కూడా నడవాలి అనుకుంటే రెండు బ్యాటరీల 24 వోల్టుల మిషన్‌కి పోవడం మేలు.

లిథియం బ్యాటరీలు ఇప్పుడు బాగా వస్తున్నాయి. నీళ్ళు పోసే పని లేదు, చాలా తేలిక, ట్యూబులర్ 50 కిలోల పైన ఉంటుంది, మెట్ల మీద ఎక్కించిన వాళ్ళని అడుగు తెలుస్తుంది. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఒకటి పాతకాలపు 150 ఏహెచ్ ట్యూబులర్‌కి సమానంగా పనిచేస్తుంది, చార్జింగ్ కూడా తొందరగా ఎక్కుతుంది. రేటు ఎక్కువ, అదొక్కటే. నీ పాత ఇన్వర్టరుకి లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూసుకోకుండా మాత్రం తగిలించొద్దు.

కొనేటప్పుడు రెండు విషయాలు అడుగు. బ్యాటరీ తయారైన నెల ఏది, షాపులో ఆరు నెలలు పడున్నది వద్దు. వారంటీలో ఎన్ని నెలలు ఫ్రీగా మారుస్తారు, ఎన్ని నెలలు ప్రోరేటా (అంటే ఫ్రీ కాదు, వాడిన కాలాన్ని బట్టి కొంత తగ్గింపు మాత్రమే), "60 నెలల వారంటీ" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ అందులో సగం ప్రోరేటానే అయ్యుండొచ్చు. పాత బ్యాటరీకి ఎక్స్‌చేంజ్ రేటు రెండు చోట్ల అడిగి ఇయ్యి, సీసం విలువ ఉంది దానికి.

4. యాడ పెట్టాలి, వైరింగ్ ఎట్లా

నేల మీద పెట్టొద్దు. తిరుపతిలో లోతట్టు వీధులైనా, చిత్తూరులో నీవా నది పక్క అయినా, 2021లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మరక ఇప్పటికీ ఉంటుంది. దానికి రెండడుగుల పైన ఉండేలా గట్టి ఇనుప స్టాండ్ చేయించు. ట్రాలీలు బాగుంటాయి గానీ జానెడు ఎత్తే. గాలి ఆడే చోటు కావాలి, ఎందుకంటే చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది మంట అంటుకునే గ్యాస్. దేవుడి గదిలో దీపం పక్కన బ్యాటరీ పెట్టిన ఇల్లు నేను కళ్ళారా చూశా, చెప్తే "ఇన్నేళ్ళూ ఏం కాలేదు గదా" అన్నారు.

ఇన్వర్టరు లైను విడిగా లాగించు, దాని న్యూట్రల్ కూడా విడిగా. అన్నీ కలిపేస్తే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్చి) ఊరికే ట్రిప్ అవుతుంటుంది, అప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఆర్‌సీసీబీనే తీసేసి డైరెక్ట్ ఇచ్చేసి పోతాడు. అట్లా చెయ్యనియ్యొద్దు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ వానాకాలంలో ప్రాణం కాపాడే వస్తువు, నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కి చూడు, టక్కున పడిపోవాలి. ఇన్వర్టరు మీద ఉన్న స్విచ్చిలకి చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించు, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు గీజర్ ఎందుకు రాలేదు అని అడగరు.

5. బ్యాటరీకి నీళ్ళు, మన ప్రాణానికి హాయి

రెండు నెలలకోసారి ఫ్లోట్లు చూడాలి. సెల్ ఫోన్లో రిమైండర్ పెట్టుకో, నేను పాలవాడి లెక్క రాసే క్యాలెండర్లోనే రాస్తా. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. ఆర్ఓ నీళ్ళు వద్దు, మినరల్ వాటర్ వద్దు, ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి పోసే తెలివైనోళ్ళు ఉన్నారు, అదీ వద్దు, అందులో కాయిల్ మీద దుమ్ము, లోహం కలిసి వస్తాయి. యాసిడ్ ఎప్పుడూ పొయ్యొద్దు, ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది.

పోసే పద్ధతి: మెయిన్ చార్జింగ్ ఆపి, ఇన్వర్టరు ఆపి, చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. మూత చుట్టూ తడిగుడ్డతో తుడిచి అప్పుడు తియ్యి, లేకపోతే దుమ్మంతా లోపల పడుతుంది. ఫ్లోటు పైగుర్తు రాగానే ఆపెయ్, మూతి దాకా నింపితే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ కారి స్టాండ్ తినేస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేంత మాత్రమే పోసి, చార్జ్ ఎక్కినాక మిగతాది నింపాలి. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పూత పడితే వేడినీళ్ళలో తినే సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరినాక వాజెలిన్ పుయ్యి. మూతలు మాత్రం బిగించి ఉండాలి, సోడా నీళ్ళు లోపలికి పోతే బ్యాటరీ గోవిందా.

6. రిహార్సల్

ఇది ఎవరూ చెయ్యరు, అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఒక ఆదివారం సాయంత్రం ఆరుకి మెయిన్ ఆపెయ్. తుపాను వచ్చిందనుకుని మామూలుగా ఉండు. ఎన్ని గంటలకి బీప్ కొట్టిందో రాసుకో. మేము మొదటిసారి చేసినప్పుడు తేలిందేంటంటే, ఇన్వర్టరు బానే ఉంది గానీ వంటగదిలో లైటు ఆ లైన్లో లేనే లేదు, టార్చిలో సెల్లులు కారిపోయి ఉన్నాయి, గ్యాస్ లైటర్ తుప్పు పట్టింది. నాలుగు గంటలు రావాల్సింది గంటన్నరే వస్తే బ్యాటరీ పని అయిపోయినట్టే, తుపాను వచ్చినాక షాపుల ముందు క్యూలో నిలబడేకంటే అప్పుడే మార్చెయ్.

7. ఫోను, నెట్

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోను నాలుగుసార్లు నిండుతుంది అనుకోవద్దు, రెండున్నర, మహా అయితే మూడు. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది, మూడు నాలుగు గంటలు వస్తుంది. ఫైబర్ వాళ్ళది రెండు డబ్బాలుంటే రెండిటికీ పవర్ కావాలి. కానీ పెద్ద తుపానులో సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతాయి, కాబట్టి అవసరమైన నంబర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు. కరెంటు కంప్లయింట్‌కి 1912, అత్యవసరానికి 112. బిల్లు మీద సర్వీసు నంబరు ఫోటో తీసి పెట్టుకో, ఎస్‌పీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) వాళ్ళు ముందు అడిగేది అదే.

8. జనరేటర్, సోలార్: కొనేముందు తెలుసుకోవాల్సింది

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత లేవరు. బాల్కనీలో, మెట్ల కింద, కార్ పార్కింగ్ సెల్లార్లో నడపకూడదు. కిటికీలకి కనీసం 20 అడుగుల దూరం, ఆరుబయట, పైన తడవకుండా రేకు. నడుస్తుండగా పెట్రోలు పొయ్యొద్దు.

ఇంకోటి, రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి జనరేటర్ నుంచి గోడ సాకెట్‌లోకి పెట్టే పని. ఇది హత్య కిందే లెక్క. మీ ఇంట్లోంచి కరెంటు వెనక్కి పోయి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులుగా మారుతుంది, లైను చచ్చిపోయింది అనుకుని వానలో స్తంభం ఎక్కిన లైన్‌మన్ అన్న దాన్ని పట్టుకుంటాడు. చేంజోవర్ స్విచ్చి (లైను, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) పెట్టించుకోండి, అంతే.

సోలార్ గురించి చాలామందికి ఒక అపోహ. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చినాక 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అని మన వీధుల్లో చాలా ఇళ్ళ మీద ప్యానెళ్ళు వెలిశాయి. అవి ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా వీధి లైనుకి కలిపినవి) అయితే, కరెంటు పోగానే అవి కూడా ఆగిపోతాయి, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. పాడైనట్టు కాదు, పైన చెప్పిన లైన్‌మన్ కోసమే అట్లా తయారుచేశారు. కరెంటు లేనప్పుడూ పనిచెయ్యాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, పెట్టించేటప్పుడే అడగాలి.

9. హెచ్చరిక వచ్చిన రోజు

ఉదయమే ట్యాంకు, సంపు, బిందెలు, అన్నీ నింపు. ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఎమర్జెన్సీ లైట్లు చార్జింగ్. వాటర్ బాటిళ్ళు ముక్కాలు భాగం నింపి డీప్ ఫ్రిజ్‌లో పెట్టు, ఐసు గడ్డలయితే కరెంటు పోయినాక ఫ్రిజ్‌ని చల్లగా ఉంచుతాయి. తలుపు తియ్యకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు ఓర్చుకుంటాయి. వాడుతున్న ఇన్సులిన్ చాలావరకు చల్లటి గదిలో నాలుగు వారాల దాకా ఉంటుంది, నీ మందు పెట్టె మీద ఏం రాసుందో ఒకసారి చదువు, తెరవని వాటిని ఐసు పక్కన పెట్టు గానీ ఐసుకి తగలనియ్యొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

10. కరెంటు పోయినాక

ఇన్వర్టరు ఉంది గదా అని టీవీ పెట్టుకుని కూర్చోవద్దు, మొదటి గంటలోనే ఎప్పుడొస్తుందో తెలియదు అనుకుని పొదుపు మొదలుపెట్టు. పగలు అక్కర్లేనప్పుడు ఇన్వర్టరు స్విచ్చే ఆపెయ్, ఖాళీగా ఉన్నా అది 10, 15 వాట్లు తింటూనే ఉంటుంది. రాత్రి అందరూ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే మెయిన్ ఒక్కటి ఆపితే సరిపోదు. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు ఏమనుకుంటుంది, కరెంటు పోయింది అనుకుని తానే 230 వోల్టులు వైరింగ్‌లోకి పంపిస్తుంది. కింద సాకెట్లు మునిగి ఉంటే ఆ నీళ్ళలో కాలు పెట్టినోడి గతి అంతే. కాబట్టి గడప దగ్గరికి నీళ్ళు రాకముందే, ఇల్లు పొడిగా ఉండగానే, మెయిన్ ఆపు, ఇన్వర్టరు ఆపు, బ్యాటరీ వైరు కూడా ఒకటి విప్పెయ్. నీళ్ళు అప్పటికే వచ్చేసి ఉంటే స్విచ్చిబోర్డు దాకా నడిచే సాహసం వద్దు, బయటికొచ్చి ఫోన్ చెయ్యి. వీధిలో వైరు తెగి పడుంటే పది మీటర్ల ఇవతలే ఆగిపో, నీళ్ళుంటే ఇంకా దూరం.

11. కరెంటు వచ్చినాక

కేకలు వేసి అన్ని స్విచ్చిలూ వెయ్యొద్దు. తుపాను తర్వాత మొదటి అరగంట వోల్టేజీ ఎగురుతూ దిగుతూ ఉంటుంది, ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే 230 రావాల్సిన ఇంట్లోకి 400 దగ్గర వచ్చి టీవీ, ఫ్రిజ్, సెటాప్ బాక్సు అన్నీ ఒకేసారి కాలిపోతాయి. అందుకే కరెంటు పోగానే వాటి ప్లగ్గులు పీకేసి ఉంచాలి. ముందు ఒక్క బల్బు వేసి చూడు, అది మామూలుగా నిలకడగా వెలిగితే పది నిమిషాల తర్వాత ఫ్రిజ్. తడిసిన మోటర్ని, తడిసిన ఇన్వర్టరుని ఎండలో పెట్టి ఆరిందిలే అని ఆన్ చెయ్యొద్దు, ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ చూసినాకే.

ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. గంట కరెంటు వచ్చి మళ్ళీ పోతే నీ దగ్గర నిండు బ్యాటరీ లేదు, గంట చార్జే ఉంది, ఆ రాత్రికి ఆ లెక్కతోనే వాడుకో. మర్నాడు చార్జ్ పూర్తయినాక ఫ్లోట్లు ఒకసారి చూసి, తగ్గిన చోట నీళ్ళు పొయ్యి.